భూతము చెప్పిన కథ

చెప్పిన కథనే మఱల చెప్పుట సాహిత్యమునకు క్రొత్త గాదు. రామకథను ఒకరు చెప్పిన పిమ్మట ఇంకొకరు చెప్పక మానలేదు. ఒకరు చెప్పినట్లు ఇంకొకరు చెప్పనూ లేదు. అయితే ఈ మఱల చెప్పుటలో రెండు తెఱగులున్నవి. కథను అట్లే ఉంచి చెప్పెడు మాటలను మాత్రము మార్చుట ఒకటి. కథను చూచెడు చోటును మార్చుట రెండవది. మొదటిది భాషకు సంబంధించిన పని. రెండవది న్యాయమునకు సంబంధించిన పని. ఎవరి కంటితో కథను చూచుచున్నామో వారిమీదనే జాలి వ్రాలును. ఎవరు దూరముగా, చీకటిలో, నోట మాట లేక నిలుచుందురో వారు దుష్టులుగా తోచుదురు. చోటు మారినచో తీర్పు మారును.

భయానక కథలయందు ఈ సంగతి మఱింత స్పష్టముగా కనిపించును. ఏలనగా భయమునకు మూలము తెలియమి. తలుపు వెనుక ఏమున్నదో తెలియనంతవఱకే వణకు. తలుపు తెఱచి, అక్కడ నిలుచున్నవాని ముఖమును చూచి, వాని మాట విన్న తరువాత ఆ వణకు వేఱొక భావముగా మారిపోవును. కనుక ప్రసిద్ధమైన భయానక కథను భయపెట్టువాని పక్షమునుండి తెరమీద చెప్పబూనిన దర్శకుడు కత్తిమీద సాము చేయుచున్నాడని చెప్పవలెను. భయము పూర్తిగా పోయినచో కథ పోవును. భయము యథాతథముగా ఉన్నచో క్రొత్త చూపు లేదు. ఈ చిక్కును పరిశీలించుటకు ఫ్రాంకెన్‌స్టైన్ కథ తగిన ఉదాహరణము. రెండువందల ఏండ్లకు పైబడిన ఆ కథను 2025లో మెక్సికో దేశపు దర్శకుడు గిలెర్మో డెల్ టోరో మఱల తెర కెక్కించుటతో ఈ ప్రశ్న మఱల ముందుకు వచ్చినది.

కథ పుట్టుక అందఱకు కొంత తెలిసినదే. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున ఒక భవనమున బైరన్ కవి విడిసియున్నాడు. షెల్లీ కవియు, ఆయనతో వచ్చిన మేరీయు సమీపముననే ఉన్నారు. ఆ ఏడు ఐరోపాకు వేసవి రాలేదు. అంతకు ముందటి ఏడు, 1815 ఏప్రిలులో, ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతము ప్రేలి, దాని ధూళి ఆకాశమున క్రమ్ముకొనుటచే దూరదేశములందు సైతము చలియు, ఎడతెగని వానలును పట్టుకొన్నవి. ఇల్లు కదలలేక కూర్చున్న ఆ మిత్రులు పొద్దు పోవుటకై దయ్యాల కథలు చదువుకొని, తలకొక కథ వ్రాయవలెనని పందెము వేసికొన్నారు. అప్పటికి మేరీ వయస్సు 18 ఏండ్లు. ఆమె మొదలుపెట్టిన కథ నవలగా పెరిగి 1818 జనవరి 1న లండనులో అచ్చయినది. అచ్చువేసినవి 500 ప్రతులు. రచయిత్రి పేరు వాటిపై లేదు.

మేరీని కన్న కొద్ది దినములకే ఆమె తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మరణించినది. 1815లో మేరీకి నెలలు నిండక పుట్టిన బిడ్డ చనిపోయినది. తల్లి నెఱుగని బిడ్డయు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లియు ఆమెయే. అట్టి ఆమె చేతినుండి వెలువడిన కథ, పుట్టించిన వాడుండియు తల్లిదండ్రులు లేని ఒక ప్రాణి కథ యగుటలో వింత లేదు. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అను యువకుడు మృతదేహముల భాగములను కూర్చి ఒక మహాకాయమునకు ప్రాణము పోయును. అది కన్ను తెఱచిన క్షణముననే దాని రూపమునకు రోసి పాఱిపోవును. పేరైనను పెట్టడు. తరువాత జరిగిన ఘోరములన్నియు ఆ పాఱిపోవుటనుండి పుట్టినవే.

నవల చెప్పిన తీరు భరిణెలో భరిణెవంటిది. ఉత్తర ధ్రువ ప్రాంతమునకు పోవుచున్న వాల్టన్ అను నావికుడు తన అక్కకు జాబులు వ్రాయుచుండును. అది వెలుపలి భరిణె. మంచుమీద దొరికిన విక్టర్ అతనికి తన కథ చెప్పును. అది నడిమి భరిణె. విక్టర్ కథ నడుమ భూతము తన కథ చెప్పును. అది లోపలిది. అనగా భూతము పలికిన మాటలు పాఠకునకు తిన్నగా అందవు. శత్రువు నోటినుండి వచ్చి, పరాయివాని కలమునుండి జాఱి అందును. పైగా వాల్టన్ వ్రాసికొన్న ప్రతిని విక్టరే చేతబట్టి దిద్దినాడని నవలలో ఉన్నది. భూతము మాటకారి యనియు, దాని మాటలు నమ్మరాదనియు ముందే హెచ్చరించినాడు. ముద్దాయి వాఙ్మూలమును ఫిర్యాదియే వ్రాసికొనివచ్చి చదువుచున్నాడన్నమాట. ఇంత తెలివిగా న్యాయమునుగూర్చి ప్రశ్న వేసిన భయానక కథలు అరుదు.

తెలుగులో ఈ కథ చెప్పబూనినవానికి మొదటి వాక్యముననే ఒక ఇబ్బంది ఎదురగును. భూతమును ‘అది’ అనవలెనా, ‘వాడు’ అనవలెనా, ‘అతడు’ అనవలెనా? ‘అది’ అన్నచో తీర్పు చెప్పినట్లే. ‘వాడు’ అన్నచో మనిషియని ఒప్పుకొన్నట్లు, కాని గౌరవము లేదు. ‘అతడు’ అన్నచో ఎదుట కూర్చుండబెట్టి వినుటకు సిద్ధపడినట్లు. ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రముల చరిత్ర అంతయు ఈ మూడు సర్వనామముల నడుమ జరిగిన పెనుగులాటయే యనవచ్చును.

లోపలి భరిణెలో అతడు చెప్పిన కథ యిది. వెలుతురు కన్నులకు బాధ కలిగించినది. చలి యనగా ఏమో తెలియక కూర్చుండి ఏడ్చినాడు. చంద్రోదయమును చూచి సంతోషించినాడు. ఒక కుటీరమును ఆనుకొనియున్న పాకలో దాగి, గోడ సందునుండి డి లేసీ అను గ్రుడ్డి వృద్ధుని కుటుంబమును చూచుచు భాష నేర్చుకొన్నాడు. వృద్ధుని కుమారుడు ఫీలిక్స్, సఫీ అను పరదేశపు యువతికి చదువు చెప్పుచుండగా, గోడకు ఇవతల గురువెఱుగని ఏకలవ్యునివలె ఇతడును పాఠములు విన్నాడు. మిల్టను కావ్యమును, ప్లూటార్కు వ్రాసిన మహాపురుషుల చరిత్రలను, గేటే నవలను చదివినాడు. ఆ కుటుంబమునకు తెలియకుండ రాత్రులయందు కట్టెలు కొట్టి వాకిట పడవేసినాడు. తుదకు ధైర్యము చేసి, చూపులేని వృద్ధుడు ఒంటరిగానున్న వేళ ఎదుటికి పోయినాడు. వృద్ధుడు దయతో మాటలాడినాడు. ఇంతలో కన్నులున్నవారు తిరిగివచ్చినారు. ఫీలిక్స్ కఱ్ఱతో కొట్టినాడు. ఇంకొకచోట ఏటిలో పడి కొట్టుకొనిపోవుచున్న బాలికను రక్షించినందుకు తుపాకి గుండు బహుమానముగా దొరకినది. ఆ తరువాతనే అతడు పగ బట్టినది. విక్టర్ తమ్ముడైన పసివాడు విలియం, మిత్రుడు క్లెర్వాల్, నవవధువు ఎలిజబెత్, ఒకరి తరువాత ఒకరు అతని చేతులలో చనిపోయినారు. ఈ రెండు సంగతులును నవలలో ఉన్నవి: అతనికి జరిగిన అన్యాయమును ఉన్నది, అతడు చేసిన అన్యాయమును ఉన్నది. మేరీ షెల్లీ ఒకదానితో ఒకటి కొట్టివేయలేదు.

నాటకరంగము ఈ కథను అందుకొన్నప్పుడు మొదట తీసివేసినది భూతము మాటనే. 1823లో లండనులో ప్రదర్శించిన నాటకమున భూతము మూగది. ఆ పాత్రధారి పేరుకు ఎదుట, పాత్ర పేరుండవలసిన చోట, కరపత్రములో ఒక గీత మాత్రమే ఉన్నది. ఆ నాటకమును చూచిన మేరీ షెల్లీకి ఆ గీత నచ్చినది. పేరులేనివానికి పేరు పెట్టకపోవుట సరియే. కాని పేరు లేకపోవుట వేఱు, నోరు లేకపోవుట వేఱు. రంగస్థలము రెంటిని ఒకటి చేసినది.

ఆ మూగతనమే వెండితెరకు వారసత్వముగా వచ్చినది. 1931లో జేమ్స్ వేల్ దర్శకత్వమున యూనివర్సల్ సంస్థ తీసిన చిత్రములో బోరిస్ కార్లాఫ్ భూతముగా నటించినాడు. చిత్రారంభమున పాత్రధారుల జాబితాలో అతని పేరు లేదు. ప్రశ్నార్థకము మాత్రమే ఉన్నది. పొరబాటున నేరస్థుని మెదడు అమర్చుటచే భూతము దుష్టమైనదను కల్పన ఈ చిత్రముతోనే వ్యాపించినది. నవలలో అట్టిది లేదు. ఈ ఒక్క మార్పుతో కథ తలక్రిందులైనది. లోకము చెఱిపినందున చెడినవాడు నవలలోనివాడు. పుట్టుకతోనే చెడినది చిత్రములోనిది. మొదటివాని విషయమున సంఘము తలవంచుకొనవలెను. రెండవదాని విషయమున దివిటీలు పట్టుకొని తఱిమినచో చాలును.

అయినను కార్లాఫ్ నటనకు న్యాయము చేయవలెను. భూతము మొదట వెనుకకు నడచుచు ప్రవేశించి, మెల్లగా ముఖము త్రిప్పును. కెమెరా ఒకదానివెంట ఒకటిగా మఱింత దగ్గఱ చిత్రములను చూపును. ఇది భయము. వెనువెంటనే పై కప్పులోని కిటికీ తెఱవగా వెలుతురు పడును. ఆ వెలుతురును పట్టుకొనవలెనని అది చేతులు పైకి చాచును. కిటికీ మూసివేయగా చేతులు దిగిపోవును. ఇది కరుణము. మాట తీసివేసినను ఆ చేతులు మాటలాడినవి.

ఈ చిత్రమునకు పట్టిన ఒక గతి, చూచెడు చోటునుగూర్చి పెద్ద పాఠమే చెప్పుచున్నది. చెఱువు గట్టున ఒక చిన్నపిల్ల భూతముతో ఆడుకొనును. పూలు నీటిలో వేయగా తేలును. పూలు అయిపోగానే, పిల్లయు పూవువలె తేలునని తలచి భూతము ఆమెను నీటిలోనికి విసరును. ఆమె మునిగిపోగా దిక్కు తోచక భయపడి పరుగెత్తును. దారుణమని తలచి పరిశీలకులు ఆ విసరుటను కత్తిరించివేసినారు. మిగిలినదేమి? భూతము పిల్లవైపు చేతులు చాచును. తరువాతి దృశ్యమున తండ్రి చనిపోయిన బిడ్డను మోసికొనివచ్చును. నడుమ ఏమి జరిగినదో ప్రేక్షకుని ఊహకు వదలినారు. ఊహ ఎన్నడును దయతో పూరింపదు. అజ్ఞానమువలన జరిగిన దుర్ఘటన, కత్తిరింపువలన క్రూరహత్య యైనది. పోయిన ముక్క 1980 దశకములోగాని తిరిగి చేరలేదు. నవలలో ఏటిలో పడిన బాలికను రక్షించినవాడు, తెరమీద బాలికను ముంచినవాడైనాడు. అర్ధశతాబ్దికి పైగా ఆ నేరము పూర్తి సాక్ష్యము లేకుండనే వాని మెడకు చుట్టుకొనియున్నది. కథలో కొంత చూపకపోవుటయు ఒక అభిప్రాయమే యనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

తరువాతి చిత్రములు తలకొక మెట్టు కదలినవి. 1935లో వేల్ దర్శకుడే తీసిన రెండవ చిత్రములో అడవిలోని గ్రుడ్డి సన్యాసి ఒకడు భూతమునకు నాలుగు మాటలు నేర్పును. 1957లో ఇంగ్లాండులోని హామర్ సంస్థ తీసిన వర్ణచిత్రము దృష్టిని భూతమునుండి విక్టర్ మీదికి మరల్చి, మెదడు కొఱకు హత్య చేయుటకును వెనుదీయని వానినిగా అతనిని చూపినది. 1994లో కెన్నెత్ బ్రానా తీసిన చిత్రమున రాబర్ట్ డి నీరో ధరించిన పాత్ర నవలలోనివానివలె మాటలాడినది. ‘అది’ మెల్లమెల్లగా ‘వాడు’ అయినది.

‘అతడు’ అయినది డెల్ టోరో చిత్రమున. జాలరి చూపును వేటగాడి చూపును పక్కకు నెట్టి నీటిలోని వింతప్రాణికి హృదయమున్నదని చెప్పిన చిత్రమును 2017లో తీసిన దర్శకుడితడు. ఫ్రాంకెన్‌స్టైన్ కథను తీయవలెనన్నది ఇతనికి చిన్ననాటి కోరిక. 2025 ఆగస్టులో వెనిస్ చలనచిత్రోత్సవమున మొదట ప్రదర్శించిన ఈ చిత్రము నవంబరులో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఇండ్లలోనికి వచ్చినది. ఇందులో విక్టరుగా ఆస్కార్ ఐజాక్, అతడు సృష్టించిన ప్రాణిగా జేకబ్ ఎలోర్డీ నటించినారు. చిత్రమును దర్శకుడు రెండు భాగములుగా విభజించినాడు. మొదటిది విక్టర్ చెప్పిన కథ. రెండవది ఆ ప్రాణి చెప్పిన కథ. నవలలోవలె విక్టర్ నోటినుండి గాక, మంచులో చిక్కిన ఓడలోనికి స్వయముగా వచ్చి, నావికాధిపతి యెదుట, విక్టర్ వినుచుండగా, అతడు తన కథ తానే చెప్పుకొనును. ఫిర్యాది చేతిలోని వాఙ్మూలమును ముద్దాయి తిరిగి పుచ్చుకొన్నాడు. చిత్రమంతటిలో ఇదియే గొప్ప మార్పు. ఇది నవలను కాదనుట గాదు. నవల వేసిన ప్రశ్నకు రెండు శతాబ్దుల తరువాత ఇచ్చిన ఒక సమాధానము.

ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగినది ఈ చిత్రములో ఇంకొకటి కలదు. విక్టర్ తండ్రి గొప్ప శస్త్రవైద్యుడు. కుమారునకు వైద్యశాస్త్రమును బెత్తముతో నేర్పును. సమాధానము తప్పినచో దెబ్బ ముఖముమీద పడును. ఆ కుమారుడే పెద్దవాడై, తాను పుట్టించినవానిని నేలమాళిగలో గొలుసులతో కట్టివేసి మాటలు నేర్పబూనును. శిష్యుడు ‘విక్టర్’ అను ఒక్క మాటయే పలుకుచుండుట చూచి మందబుద్ధియని విసుగుకొనును. తనను పుట్టించినవాని పేరునే ఒక ప్రాణి మొదట నేర్చుకొని, పిలుపులన్నిటికి ఆ పేరునే వాడుచున్నచో, అది బుద్ధిలేమి కాదు, ఆప్యాయత యని ఆ గురువునకు తట్టలేదు. తరువాత అడవిలోని గ్రుడ్డి వృద్ధుడు గొలుసు లేకుండ, బెత్తము లేకుండ, పుస్తకము చేతికిచ్చి చదువు చెప్పగా ఆ మందబుద్ధియే చదువరి యగును. చదువు రాకపోవుటకు కారణము శిష్యునియందే వెదకెడు అలవాటు ఒక్క విక్టరునకే లేదు.

ఇంతవఱకు చిత్రమును మెచ్చుకొనవలసినదే. కాని క్రొత్త చూపు తెచ్చిపెట్టిన ఒక లోపమును చెప్పకపోయినచో విమర్శ సగమే యగును.

భరతుడు నాట్యశాస్త్రమున రసముల పుట్టుకను చెప్పుచు, బీభత్సమునుండి భయానకము, రౌద్రమునుండి కరుణము పుట్టునన్నాడు. ఆ సూత్రమును ఈ కథ కన్వయించి చూచినచో రెండును చక్కగా సరిపోవును. విక్టర్ తన సృష్టిని చూచి రోసినాడు. ఆ రోతనుండియే భయము పుట్టినది. ఇది బీభత్సమునుండి భయానకము. విడువబడినవాడు పగ బట్టి చంపినాడు. ఆ రౌద్రముయొక్క ఫలము శోకము. ఇది రౌద్రమునుండి కరుణము. అయితే ఈ రెండవ కరుణము ఎవరిది? చంపినవానిది మాత్రమే కాదు. చనిపోయినవారిది, వారికొఱకు ఏడ్చినవారిది కూడ. నవలలో ఎలిజబెత్ మరణవార్త విని విక్టర్ తండ్రి ఆ దుఃఖముతోనే కన్ను మూసినాడు.

డెల్ టోరో చిత్రములో ఈ రౌద్రము చాలవఱకు కరగిపోయినది. ఓడమీదివారిని కొందఱిని అతడు చంపుట ఉన్నది. కాని వారు పేరులేని నావికులు, పైగా దాడికి ఎదురుదాడి. నవలలో అతడు కావలెనని గొంతు నులిమిన పసివాడు ఇందులో లేడు. విలియం ఇందులో పెద్దవాడు, పెండ్లికుమారుడు. ఎలిజబెత్ చనిపోవునది విక్టర్ చేతి తుపాకి గుండు తగిలి. క్లెర్వాల్ లేనే లేడు. నవలలో బాధితుడును నేరస్థుడును అయినవాడు, చిత్రములో దాదాపు బాధితుడు మాత్రమే. చివర తండ్రివంటివాడు క్షమాపణ వేడును, కుమారునివంటివాడు క్షమించును, అతడే మంచులో చిక్కిన ఓడను నెట్టి విడిపించును, సూర్యోదయము కానవచ్చును. ప్రేక్షకుని కన్ను చెమర్చును. నవలలో ఈ ఊరట లేదు. విక్టర్ మరణించిన పిమ్మట అతడు వచ్చి, శవముప్రక్క నిలిచి, తాను చేసినవానినన్నిటిని తన నోటితోనే ఒప్పుకొని, తనను తాను అసహ్యించుకొని, చితి పేర్చుకొనుటకై చీకటిలోనికి పోవును. నవలలోనివానికి జాలిపడుట కష్టము. పసివాని మెడమీది వ్రేళ్ల గుర్తులు గుర్తుండియు జాలిపడవలసియుండును. ఆ కష్టమే నవల గొప్పతనము. నిర్దోషికి జాలిపడుటలో ఎవ్వరికి ఏమి వ్యయమగును?

దుష్టుడని పేరుపడినవాని పక్షమున కథ చెప్పునపుడు దర్శకులకు ఈ మోహము సహజముగానే కలుగును. వాని మాట వినిపించుటతో ఆగక, వాని చేతులు కడుగుటకు పూనుకొందురు. వినుట వేఱు, విడుదల చేయుట వేఱు. వినుటకు నేరము అడ్డు కాదు. విన్నందున నేరము లేనిదియు కాదు. ఈ భేదమును కాపాడినదే నిజమైన క్రొత్త చూపు. కాపాడనిచో జరుగునది దృష్టి మారుట గాదు, దుష్టుడు మారుట మాత్రమే: నిన్న భూతము దుష్టుడు, నేడు విక్టర్ దుష్టుడు. కథలో పీటలు మారినవి, పంక్తి మారలేదు.

చిత్రమునకు అనుకూలముగా ఒక మాట చెప్పువారు లేకపోలేదు. రెండు గంటలన్నరలో నవలలోని చావులన్నియు చూపుట సాధ్యము కాదనియు, 1931 నుండి అతనిమీద పడిన అపవాదమును కడుగుటకు కొంత అతిశయము అవసరమేననియు వారందురు. మొదటిది ఒప్పుకొనదగినదే, ఎన్ని చావులు చూపవలెనన్నది లెక్కల ప్రశ్న గాదు, ఒక్కటి చాలును. రెండవది మాత్రము ఒప్పుకొనరాదు. ఒక అబద్ధమును ఇంకొక అబద్ధముతో సరిదిద్దుట న్యాయస్థానమునను చెల్లదు, సాహిత్యమునను చెల్లదు.

తెలుగువారికి ఈ చర్చ పరాయిది గాదు. త్రిపురనేని రామస్వామి ‘శంబుకవధ’ నాటకము, ఓల్గా ‘విముక్త’ కథలు పురాణకథలను చూచెడు చోటును మార్చినవే. తెరమీద 1961లో వచ్చిన ‘సీతారామ కల్యాణం’లో నందమూరి తారక రామారావు రావణునిగా నటించి, స్వయముగా దర్శకత్వము వహించినాడు. అందు రావణుని శివభక్తి, సంగీతవిద్య, ఠీవి అన్నియు కనబడును. అతని గర్వమును, పరస్త్రీ వ్యామోహమును దాచిపెట్టలేదు. ప్రేక్షకులు ఆ రావణుని ఇష్టపడినారు, కాని సీత పక్షము విడువలేదు. రెండును ఒక హృదయములో పట్టుననుటకు అది సాక్ష్యము.

ఫ్రాంకెన్‌స్టైన్ కథలో చూచెడు చోట్లన్నియు అయిపోయినవనుకొనుటకు వీలులేదు. ఇంకొక చోటు మిగిలియున్నది. అది జస్టీన్ అను సేవకురాలిది. కన్నతల్లి ప్రేమ కఱవై, చిన్ననాడే ఫ్రాంకెన్‌స్టైన్ ఇంట చేరిన పిల్ల. విలియం హత్య జరిగిన రాత్రి పసివానిని వెదకి వెదకి అలసి ఒక గడ్డిపాకలో నిద్రించినది. భూతము వచ్చి, చనిపోయినవాని మెడలోని పతకమును ఆమె దుస్తులలో దాచిపోయినాడు. కొన్ని దినముల తరువాత అది దొరకినది. న్యాయస్థానము ఆమె మాట నమ్మలేదు. మతగురువు నరకభయము చూపి చేయని నేరమును ఒప్పించినాడు. ఆమె నిర్దోషి యని విక్టరునకు తెలియును; తన్ను పిచ్చివాడందురను జంకుతో నోరు విప్పలేదు. ఆమెను ఉరి తీసినారు. సృష్టించినవాడు మౌనముతోను, సృష్టింపబడినవాడు కపటముతోను, ఇద్దఱును కలిసి చంపినది ఈమెనే. భూతమును కని భయపడిన ఊరు, ఆ భూతమునుండి ఈమెను వేఱుచేసి చూడలేకపోయినది.

పైన పేర్కొన్న చిత్రములలో ఈమెకు దక్కినదేమి? 1931 చిత్రములో ఈమె లేదు. 1957లో పేరు మాత్రము మిగిలి, కథ వేఱైనది. 1994లో విచారణ లేకయే జనము ఉరివేసినారు. 2025లో మఱల లేదు. భూతమునకు నోరు వచ్చిన చిత్రములోను, నవలలో న్యాయస్థానమున నిలిచి తన మాట తాను చెప్పుకొన్న పనిపిల్లకు చోటు లేకపోయినది. దివిటీలు పట్టుకొన్న గుంపునకు, విక్టర్ ప్రయోగశాలకు, మెఱుపులకు కొఱత లేదు. ఒక బీదపిల్ల కూర్చుండు బోనుకు తెరమీద స్థలము లేదు.

బడులలో ఉపాధ్యాయులు పిల్లలచేత తెలిసిన కథను వేఱొక పాత్ర నోట చెప్పించుట మంచి అలవాటు. పిల్లలు సాధారణముగా తోడేలు పక్షము, రాక్షసుని పక్షము ఎన్నుకొందురు, అందులో చమత్కారమున్నది. ఆ చమత్కారమును మెచ్చుకొని, ఆపైన ఒక ప్రశ్న అడుగవలెను: ఈ కథలో ఇంకను మాటలాడనివారెవరు? తోడేలు మాట వినిపించుటలో మేకపిల్ల మాట పోయినదా? ఈ ప్రశ్నకు పిల్లలు వెదకి తెచ్చెడు సమాధానములే క్రొత్త కథలు.

మేరీ షెల్లీ 18 ఏండ్ల ప్రాయమున, వాన కురియుచున్న ఒక రాత్రి, పేరులేనివానికి నోరిచ్చినది. నాటకము ఆ నోటిని మూసినది; తెర దానిని ఒక్కొక్క మాటగా తెఱచుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. తెఱచిన నోటినుండి వచ్చిన కథ విని ఏడ్చిన ప్రేక్షకుడు, ఇంటికి పోవునపుడు జస్టీనును కూడ తలచుకొన్ననాడు ఆ కథ పూర్తిగా చెప్పబడినదగును. భయపెట్టువానికి చెవి యొగ్గుటతో ఆరంభమగు న్యాయము, ఎవ్వరికిని భయము కలిగింపలేని బలహీనురాలి మాట వినుటతోగాని ముగియదు.